ఆడించువాని పేరేమి?

గడచిన మాఘమాసమున నొకనాటి మధ్యాహ్నము, మావారు బడికి వెళ్లిన పిమ్మట, నేను చేటలో కందిపప్పు పోసికొని రాళ్లేరుచుండగా, మా వీథి చివర కుట్టుపని చేసికొని జీవించు నొక సోదరి నాలుగు తెల్లకాగితములును, ఒక సెల్‌ఫోనును చేతబట్టుకొని వచ్చి మా యరుగుమీద కూర్చుండెను. ఆమె ముఖము చూడగనే సంగతి మంచిది కాదని నాకు తోచినది. ఎంతసేపటికిని నోరు మెదపదు. మంచినీళ్లిచ్చితిని. త్రాగి, కాగితములు నా ముందుంచి, "వదినగారూ, ఒక అర్జీ రాసిపెట్టాలి. మీకు చదువు వచ్చునని వచ్చాను" అనెను.

"ఎవరిపేర వ్రాయవలెను?" అంటిని.

"అదేనండీ తెలియనిది" అని యామె కొంగు నోటికడ్డము పెట్టుకొనెను.

ఆమె పెనిమిటి యెరువుల దుకాణములో గుమాస్తా. చెడ్డవాడు కాడు, కల్లు సారాయి ముట్టి యెఱుగడు, పొద్దుగూకులు దుకాణము, పొద్దుగూకినచో ఇల్లు. ఎనిమిది మాసముల క్రిందట నాతని ఫోనుకు, అయిదువందలు వేసిన వారికి మఱి యయిదువందలు ఊరకనే యిత్తుమని యొక వర్తమానము వచ్చినదట. చక్రము తిరుగుట, పేకముక్కలు పడుట, అన్నియు తెఱమీదనే. మొదటి వారము మూడువేలు గెలిచి భార్యకు చీరయు, బిడ్డకు చెప్పులును కొనెను. పిమ్మటి కథ వేఱుగ చెప్పనక్కఱలేదు. చీటీ పాడిన సొమ్ము పోయినది. కమ్మలు తాకట్టునకు బోయినవి. చిత్రమేమనగా, కట్టకడపట నాతడు ఓడిపోలేదు! తెఱమీద నాతనిపేర 2,40,000 రూపాయలున్నట్లు అంకెలు కనబడుచున్నవి. ఆ సొమ్మిండని యడుగగా, ముందుగా పన్ను క్రింద 36,000 చెల్లింపుమనిరి. అప్పుచేసి చెల్లించెను. తరువాత ఖాతా తనిఖీకని 18,000 అనిరి. అదియును చెల్లించెను. ఆ మఱునాడు ఆట లేదు, అంకెలు లేవు, మాటలాడిన మనిషి లేడు. అంతవఱకు వాట్సాప్‌లో "అన్నగారూ" అని మర్యాదగా బలుకుచు వచ్చిన యా నెంబరునకు లక్ష్మీదేవి పటము ముఖచిత్రముగ నుండెడిదట. ఆ పటము మాత్రము ఆమె ఫోనులో నేటికిని భద్రముగ నున్నది.

మొత్తము పోయినది 1,86,000. మోసపోయినవాడు తన యాధారు కార్డు నిచ్చినాడు, పాను కార్డు నిచ్చినాడు, తన ముఖమును తానే ఫోటో తీసి పంపినాడు, బ్యాంకి ఖాతా యంకె నిచ్చినాడు. అవతలివారు మాత్ర మేమియు నీయలేదు. ఆడువాడు కులగోత్రములతో సహా తెలియును. ఆడించువాని పేరైన తెలియదు. జూదము పాపమని పెద్దలు చెప్పగా మనమందఱము విన్నదే. ఆ మాట మరల చెప్పుటకు నేనీ కలము పట్టలేదు. అర్జీలో మొదటి పంక్తి వ్రాయలేక నాలుగు దినములు నేనును మావారును పడిన తిప్పలనుబట్టి నాకు తెలిసివచ్చినదేదో, అది సోదరీమణులకు చెప్పవలెనని తోచినది.

చిన్నతనమున మా నాయనగారు నాకు మృచ్ఛకటికము చెప్పిరి. దానిలో రెండవయంకమున సంవాహకుడను నొకడు పదిసువర్ణములు జూదమున నోడి, చెల్లింపలేక పరుగెత్తును. జూదగృహమును నడుపువానికి సభికుడని పేరు; ఆ సభికుడు మాథురుడు. వాడు వీథులవెంట వీనిని తరుముకొని వచ్చును. సంవాహకుడు అడుగులు తారుమారుగ వేయుచు, విగ్రహములేని యొక గుడిలో దూరి తానే విగ్రహమైనట్లు నిలుచును. మాథురుడును తోడివాడును వచ్చి, అనుమానించి, వాని యెదుటనే కూర్చుండి పాచికలాడ నారంభింతురు. పాచికల చప్పుడు విని యా రాతివిగ్రహము తాళలేకపోవును! నేనిది చదివి నవ్విన నవ్వు నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. వసంతసేన తన కంకణము పంపి వాని ఋణము తీర్చినదాక ఆ సభికుడు విడువడు.

ఇప్పుడా కథ తలక్రిందులైనది. ఓడినవాడు గుడిలో దాగుటలేదు; సభికుడే దాగినాడు. మన పొరుగింటి యాతనికి గెలిచిన సొమ్ము రావలసియున్నది. తరుమవలసినవాడాతడు. తరుముటకు వీథి యేది? మాథురుడు క్రూరుడే కావచ్చును, కాని వానికొక పేరున్నది, ఒక యిల్లున్నది, ఊరంతయు వాని నెఱుగును.

మన ధర్మశాస్త్రకారులకు ఈ భేదము బాగుగ తెలియును. మనువు జూదమును రాజ్యమునందుండనేకూడదని నిషేధించెను. యాజ్ఞవల్క్యుడు వేఱొక త్రోవ త్రొక్కెను. జూదమొకే తావున, ఒకే వాకిట, రాజుచే నియమింపబడిన సభికుని యెదుట జరుగవలెననియు, అట్లు చేసినచో దొంగలను గుర్తెఱుగుట సులభమనియు నాయన చెప్పినాడు. సభికుడు నూటికి పైబడిన గెలుపులో నూటి కయిదు చొప్పున తన భాగము పుచ్చుకొని, రాజుభాగము రాజున కిచ్చి, గెలిచినవానికి గెలిచినది రాబట్టి యీయవలెను. రాజుభాగము ముట్టి, సభికుడు ఎదుటనుండి, ఆడినచోటు పదుగు రెఱిగినదైనచో ఆ సొమ్మిప్పించుట రాజునకు విధి. చాటున ఆడినచో రాజు కలుగజేసికొనడు. కౌటిల్యుడును అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుని నియమించి, ఆట యొకచోటనే యుండవలెననియు, వేఱొకచోట నాడినవారికి పన్నెండు పణములు దండుగ యనియు విధించెను. కారణ మేమన, గుట్టుగ బ్రతుకువారెవరో తెలియుటకు. పాచికలను సయితము అధ్యక్షుడే అద్దెకీయవలెను; వానిని మార్చి దొంగపాచికలు వేసినవానికిని దండుగయే. వీరు జూదమును మెచ్చుకొన్నవారు కారు. ఎట్లును మానని దానిని వెలుగులో నుంచవలెనని తలచినవారు. ఆడించువానికి ముఖముండవలెనన్నది వారి మతమని నాకు తోచుచున్నది.

ఇక నేటి సభికుని వెదకుటకు మేము చేసిన ప్రయత్నము చెప్పెదను. ఆట మాయమగుటకు ముందు ఆ గుమాస్తా తెఱను ఫోటోగా తీసి యుంచుకొనెను. దానిలో నట్టడుగున, చీమతలకాయలవంటి యక్షరములలో ఒక కంపెనీ పేరును, కురసావో దీవి లైసెన్సు గలదను మాటయు నుండెను. మావారు భూగోళపటము తీసి చూపిరి. వెనిజులా దేశమునకు ఉత్తరముగ, కరిబియను సముద్రమున, డచ్చివారి రాజ్యమునకు చేరిన చిన్న దీవి యది. రెండులక్షలకు లోపు జనము. మన జిల్లాలో నొక తాలూకా పాటి. ఆ ముద్ర నిజమైనదో, ఎచటనో దొంగిలించి యతికించుకొన్నదో మాకు తెలియదు. అట్లతికించుకొనువారు మెండుగ గలరు. అయినను ఆ దీవి పేరే యేల పెట్టుకొందురను ప్రశ్నకు జవాబు గలదు.

ఆ దీవిలో 1993లో ఒక చట్టము చేసిరి. దానిప్రకారము ప్రభుత్వము కొలదిమంది వ్యాపారులకు పెద్ద లైసెన్సుల నిచ్చెను. ఆ పెద్ద లైసెన్సుదారులు తమ క్రింద మఱెందఱికైనను ఉపలైసెన్సుల నిచ్చుకొనుచు వచ్చిరి. మన వైపున మఖ్తాకు పుచ్చుకొన్నవాడు మరల చిల్లరమఖ్తాల కిచ్చినట్లన్నమాట. ఆ చిల్లరవారెవరో, ఎట్లాడించుచున్నారో ప్రభుత్వము నేరుగ చూచెడిది కాదు. రష్యాలోనో, ఆస్ట్రేలియాలోనో, మన దేశములోనో సొమ్ము పోగొట్టుకొన్నవాడు ఫిర్యాదు చేయబోయినచో పెద్ద లైసెన్సుదారు చిల్లరవానిని చూపును. చిల్లరవాడు బదులే పలుకడు. ఇట్లు ముప్పదియేండ్లు జరిగినది. కడకు 2024 డిసెంబరులో ఆ దీవివారే క్రొత్త చట్టమును అమలులోనికి దెచ్చి, ఉపలైసెన్సుల పద్ధతి నెత్తివేసి, ప్రభుత్వపు సంస్థయే నేరుగ ఒక్కొక్కరికి లైసెన్సు ఇచ్చునట్లు మార్చిరి. అంతవఱకు ఆగుట యెందులకో!

లైసెన్సొక్కటియే కాదు. ఆట పేరొకనిది, ఆటను నడుపు యంత్రపు లెక్కలు వేఱొకని యొద్ద అద్దెకు తెచ్చినవి, కాగితములమీద యజమానియైన కంపెనీ మఱొక దీవిలో నున్నది, దానికి డైరెక్టరు జీతమునకు సంతకము పెట్టు మనుష్యుడు, సొమ్ము వసూలుచేయువాడు వేఱు, ప్రకటనలు వేయించువాడు వేఱు. వంట చేసినవా డొకడు, విస్తరి వేసినవాడొకడు, వడ్డించినవాడొకడు. అన్నములో విషమెవరు కలిపిరని యడిగినచో ముగ్గురును ఒకరి నొకరు చూపుకొందురు. ఇట్టి యేర్పాటు పొరబాటున గలిగినది కాదు; జవాబు చెప్పవలసిన పని లేకుండుటకే బుద్ధిపూర్వకముగ కట్టిన యిల్లు.

పేరు దాచుటవలన గలుగు నష్టము సొమ్మెగబెట్టుటతో తీరదు. ఆటలోపలనే యేమి జరుగునో చూడుడు. కెనడా దేశమున మాంట్రియాలు నగరమునకు సమీపమున కానవాకె యను మోహాకు జాతివారి ప్రాంతమున్నది. అచటివారు 1996లో ఒక జూదపు కమీషను నేర్పఱచి అనేక కంపెనీలకు లైసెన్సుల నిచ్చిరి. వానిలో ఆబ్సొల్యూట్ పోకర్, అల్టిమేట్ బెట్ అను రెండు పేకాట కంపెనీలు గలవు. 2007లో మొదటిదానిలో ఆడువారికి అనుమానము వచ్చినది. ఒకానొక ఖాతావాడు ఎదిరివాని చేతిముక్కలు చూచినట్లే ఆడుచున్నాడు! పోటీలో ఓడిన యొకాయన తన యాటలెక్కలు పంపుడని కంపెనీని కోరగా, వారు పొరబాటున అందఱి చేతిముక్కలును, చూచుచుండినవారి కంప్యూటరు గుర్తులును గల పట్టిక యంతయు పంపిరట. దానిని ఆటగాండ్రే కూర్చుండి, అంకెకు అంకె సరిచూచి, గుట్టు బయటపెట్టిరి. ఎదిరివారి ముక్కలన్నియు కనబడు రహస్యపు ఖాతా యొకటి కంపెనీలోపలివారికే యుండినది.

ఇది చదువుచుండగా నాకు నలోపాఖ్యానము స్మరణకు వచ్చినది. నలుడు పుష్కరునితో నాడుచున్నాననుకొనును. కలి తనలోనే ప్రవేశించియున్నాడనియు, ద్వాపరుడు పాచికలలో దూరినాడనియు వానికి తెలియదు. దమయంతియు, మంత్రులును ఎంత బ్రతిమాలినను వినడు. వ్యాసభారతమున సభాపర్వమందును ఇట్టిదే కలదు. పణము దుర్యోధనునిది, పాచిక శకునిది. ఒకని కొఱకు ఇంకొక డాడుట సరియైన పద్ధతిగా తనకు తోచలేదని ధర్మరాజు నోరువిడిచి యనినాడు, అనియు నాడినాడు. మహా ధర్మజ్ఞుడు! ఆ యొక్కమాట పట్టుకొని యచటనే లేచిపోయినచో భారతమే లేకపోవును గదా యని మా నాయనగారు నవ్వెడివారు. ద్రౌపది నవ్వలేదు.

కానవాకె కమీషనువారు 2008 జనవరిలో ఆబ్సొల్యూట్ పోకర్‌కు 5,00,000 డాలర్లును, ఆ యేటనే అల్టిమేట్ బెట్‌కు 15,00,000 డాలర్లును దండుగ వేసిరి. రెండవదానిలో మోసము నాలుగేండ్లకు మించి జరిగినదనియు, దానికి ముఖ్యబాధ్యుడు 1994లో ప్రపంచ పోకరు పోటీ గెలిచిన రస్ హామిల్టన్ అనియు వారే ప్రకటించిరి. ఆటగాండ్రకు రెండుకోట్ల ఇరువదిలక్షల డాలర్లకు పైగ తిరిగి యిప్పించిరి. కాని యా మోసమునకై యెవరును చెఱసాలకు పోలేదు. లైసెన్సు నిచ్చినవారే దండుగ వేయువారు, ఆ లైసెన్సు రుసుముతోనే బ్రతుకువారు. ఇంక ఎంతటి దండన యుండును?

పేరు తెలిసినచో నేమి లాభము, దొంగ దొంగయే గదా యని నన్నొక చెల్లెలు అడిగినది. లాభమున్నది. అమెరికా ప్రభుత్వము 2011 ఏప్రిలు 15వ తేదీన ఫుల్ టిల్ట్ పోకర్ మొదలగు మూడు పెద్ద కంపెనీలపై నేరము మోపినది. ఆ మార్చి నెలాఖరునాటికి ఫుల్ టిల్ట్‌వారు ఆటగాండ్రకు 39 కోట్ల డాలర్లు బాకీ పడియుండగా బ్యాంకులలో నున్నది 6 కోట్లు మాత్రమే. తక్కినది యజమానులు పంచుకొనిరని ప్రభుత్వము వాదించెను. ఆ యజమానులు పేరుమోసిన పేకాటగాండ్రు. టెలివిజనులో కనబడు ముఖములు. కనుకనే వారిని కోర్టున నిలువబెట్టగలిగిరి. 2012లో పోకర్ స్టార్స్ అను వేఱొక కంపెనీ 73 కోట్ల 10 లక్షల డాలర్లకు రాజీపడి ఫుల్ టిల్ట్‌ను తీసికొనగా, ఇతర దేశములవారికి ఆ సంవత్సరమే సొమ్ము చేరినది. అమెరికావారికి 2014 ఫిబ్రవరి మొదలుకొని చేరినది. మూడేండ్లు పట్టినను వచ్చినది. పొరుగింటి సోదరికి ఎవరు తెచ్చి యిత్తురు? లక్ష్మీదేవి పటమును కోర్టునకు పిలువగలమా?

మన ప్రాంతమున జరిగినదియు చెప్పవలెను. 2020 ఆగస్టులో హైదరాబాదు పోలీసులు రంగులు చెప్పు జూదపు ముఠా నొకదానిని పట్టిరి. ఒక చీనా దేశీయుని, మువ్వురు భారతీయులను నిర్బంధించిరి. చేతులు మారిన సొమ్ము 1,100 కోట్లని చెప్పిరి. ఆట చోటు దినమున కొకటిగా మారును. ఏ దినము ఎచటనో టెలిగ్రాం గుంపులలోని వారికి మాత్రమే తెలుపుదురు. కంపెనీలు మన దేశముననే రిజిస్టరు చేసినవి. మొదట మనవారినే కొందఱిని పేరునకు డైరెక్టర్లుగ నిలిపి, పని నడచిన పిమ్మట పైవారు వచ్చి ఆ పదవులు తీసికొనిరని విచారణాధికారులు తెలిపిరి. 2023లో బయటపడిన మహాదేవ్ బుక్ వ్యవహారమున, ఛత్తీసుగఢు రాష్ట్రమందలి భిలాయి యువకు లిరువురు దుబాయిలో కూర్చుండి దేశమంతట శాఖలు పెట్టించి, లాభమును 70కి 30 చొప్పున పంచుకొనుచుండిరని అధికారుల యారోపణ. నా కచట తోచినదేమన, శాఖ నడుపు కుఱ్ఱవాడు మన వీథిలో దొరకును. డెబ్బదిపాళ్లు తినువాడు సముద్రము కవతల నుండును.

మఱి ముఖములు లేకయే ఇంత వ్యాపారమెట్లు సాగుచున్నదందురా? ముఖములు గలవు, అవి అద్దెముఖములు. 2025 మార్చిలో హైదరాబాదు పోలీసులు ఇట్టి యాటలను ప్రచారము చేసిరని ఇరువదిమందికి మించిన సినిమా నటులమీదను, ఫోనులలో ప్రసిద్ధికెక్కిన వారిమీదను కేసులు నమోదుచేసిరి. కేసుల నిజానిజములు కోర్టువారు తేల్తురు. నేననునది వేఱు. మన యింటిలో మనము ఆదరముతో చూచుకొను ముఖమును ముందు నిలిపి, తన ముఖము దాచుకొనువాడు చేసిన తంత్రమిది. ఆ నటుడు చెప్పెనుగదా యని గుమాస్తా నమ్మెను. ఆ నటునికి సయితము తనకు సొమ్మిచ్చిన తుదియజమాని యెవరో తెలియునో లేదో!

చట్టములు లేవా యనినచో, ఉన్నవి. తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను పాత జూదపు చట్టములను సవరించి ఈ తెఱయాటలను నిషేధించిరి. ఆంధ్రప్రదేశపు సవరణలో నిర్వాహకునికి మొదటిసారి ఒక యేడును, ఆడినవానికి ఆఱు మాసములును శిక్ష పెట్టిరి. ఆ యాఱుమాసముల భయముచేతనే మన గుమాస్తా మూడు వారములు పోలీసు ఠాణా గడప త్రొక్కలేదు. ఆడించువాడు దీవిలో దాగగా, ఆడినవాడు పడకటింటిలో దాగెను. అదిగాక, పందెపు టొప్పందము చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది గనుక గెలిచిన సొమ్మునకై దావా వేయుటకును వీలులేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన క్రొత్త చట్టము కొంత మేలు. సొమ్ముపెట్టి యాడు తెఱయాటల నన్నింటిని నిషేధించి, ఆడించువారికి మూడేండ్ల చెఱయు కోటి రూపాయల జరిమానాయు, ప్రకటించువారికి రెండేండ్లును ఏబదిలక్షలును వఱకు విధించిరి. ఆడినవానికి మాత్రము శిక్ష పెట్టలేదు. దానిపై న్యాయస్థానములలో వాదములు పుట్టినవి. చట్టము వచ్చిన కొలది దినములకే పన్నులు కట్టుచు పేరు, చిరునామా గల పెద్ద కంపెనీలు సొమ్మాటలను మూసివేసిరి. మంచిదే. పేరులేని వానికి మాత్రము మూయుటకు తలుపే లేదు.

ఇంగ్లండులో వేఱొక పద్ధతి. అచట లైసెన్సు పొందిన ప్రతి కంపెనీ పేరును, దాని యాటస్థలముల పేర్లును, వారికి పడిన దండుగలును ఎవరైన చూచుకొనునట్లు బహిరంగపు పట్టికలో నుంచుదురు. పెద్దయుద్యోగులు తమ స్వంతపేర లైసెన్సు పొందవలెను. కంపెనీ దివాలాతీసినచో ఆటగాని సొమ్ము భద్రమా కాదా యన్నది ముందే చెప్పవలెను; "భద్రత లేదు" అని చెప్పియు ఆడింపవచ్చునట! ఇది యాజ్ఞవల్క్యుని మార్గమునకు దగ్గఱ. మనది మనువు మార్గము. అచటి యిండ్లలోను కన్నీళ్లు లేకపోలేదు. నాకు మనువుపక్షమే యిష్టము. ఇంటిలోనికి జూదము రాకూడదనియే కోరుదును. కాని నిషేధించిన పిమ్మటకూడ మారుపేరుతో వచ్చువానిని పట్టు నేర్పు యాజ్ఞవల్క్యునివద్ద నేర్చుకొనక తప్పదు. సొమ్ము పోవు త్రోవ యెల్లప్పుడును ఒకటే వాకిలి. అది బ్యాంకి ఖాతా. అచట కాపుండవలెను.

ఆ వాకిటిసంగతి చెప్పుటకే ఇంతదూరము వచ్చితిని. గుమాస్తా సొమ్ము పంపిన తొమ్మిది చెల్లింపులను మావారు కాగితముమీద వరుసగ వ్రాసి చూచిరి. తొమ్మిదింటికి ఆఱు పేర్లు. ఒకటి పండ్ల దుకాణము, ఒకటి స్త్రీ పేరు, తక్కినవి మగపేర్లు. ఇవి యెవరివని నేననగా మావారు చాలసేపు పలుకక, "దసరాకు వచ్చినవాడు నీకు జ్ఞాపకమున్నాడా?" అనిరి.

మావారియొద్ద పదవతరగతి వఱకు చదివిన కుఱ్ఱవాడొకడు దసరాకు క్రొత్తబట్టలతో వచ్చి మాకు నమస్కరించెను. ఉద్యోగమా యని యడుగగా, ఉద్యోగము కాదనియు, తన పేర నొక బ్యాంకి ఖాతా తెఱచి, ఆ కార్డును, దానికి గట్టిన సిమ్మును ఒకాయన కిచ్చినందులకు నెలకు అయిదువేలు వచ్చుచున్నదనియు చెప్పెను. వ్యాపారపు లెక్కలకట. మేము సంతోషించితిమి. నేను వానికి గారెలు పెట్టి పంపితిని. ఇప్పుడా మాట తలచుకొని మావారు ఆ సాయంకాలమే సైకిలు తీసికొని వానియింటికి పోయిరి. అప్పటికే వాని ఖాతాను నిలిపివేసిరి. వేఱొక రాష్ట్రపు పోలీసులనుండి నోటీసు వచ్చియున్నది. తల్లి గుమ్మములో కూర్చుండి యున్నదట. "మాస్టారూ, నేను ఒక్క ఆటా ఆడలేదండీ. ఖాతా మాత్రం ఇచ్చాను" అని వాడు మావారి కాళ్లు పట్టుకొనెను. పొరుగింటి సొమ్ము పోయినది వీని ఖాతాలోనికి కాదు. వీనిలో పడిన సొమ్ము మఱి యే యూరి కుట్టుపనిచేయు నామెదో. మావారు ఆ రాత్రి భోజనము చేయలేదు. వానికి లెక్కలు చెప్పినది తామేనని రెండుమారులు అనిరి.

సోదరీమణులారా, ఈ వ్యాపారములో చట్టమునకు దొరకు మొదటి పేరు ఇట్టి కుఱ్ఱవానిది. తరచుగ కడపటి పేరును అదే. కంపెనీకి ముసుగు కావలెను. ఆ ముసుగునకు గుడ్డ మన యిండ్లనుండియే పోవుచున్నది. మీ బిడ్డలుగాని, తమ్ములుగాని, మీ యింట పనిచేయువారుగాని తమ పాసుపుస్తకమును, ఏటీఎం కార్డును, సిమ్మును అద్దెకిచ్చి సొమ్ము తెచ్చినచో గారెలు పెట్టకుడు. వెంటనే బ్యాంకునకు తీసికొనిపోయి ఆ ఖాతా మూయింపుడు. ఇంటిలో నెవరైన మోసపోయినచో సిగ్గుపడి దాచకుడు. 1930 అను నెంబరునకు ఆ గంటలోనే ఫోను చేసినచో సొమ్ము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు పోకమున్నే నిలుపు వీలుండును. చెల్లింపు చేసినపుడు వచ్చు పన్నెండంకెల గుర్తును చెఱిపివేయకుడు. ముసుగువాని చేతివ్రాత మనకు మిగులునది అదొక్కటే. తెఱమీద లక్షలు కనబడుచుండగా, అవి యిచ్చుటకు ముందు పన్ను కట్టుమనువాడు ఎన్నటికిని ఈయడు. నిజమైన పన్ను ప్రభుత్వమునకు కట్టుదుముగాని వాట్సాప్ నెంబరునకు కట్టము.

అర్జీ వ్రాసితిమి. పైపంక్తిలో మా మండలపు ఠాణా యధికారి పేర నుంచితిమి. ఫిర్యాది యన్నచోట ఆ గుమాస్తా పేరు, తండ్రి పేరు, ఇంటి నెంబరు, వయస్సు, వృత్తి అన్నియు నిండుగ వచ్చినవి. ఎదిరిపక్షమన్నచోట మావారు ఆఱు ఖాతాల పేర్లును, వాని క్రింద పన్నెండంకెల గుర్తులును వ్రాసి, ఆడించిన యసలు వ్యక్తి కని ఒక గీత గీసి ఖాళీగ విడిచిరి. మూడు వారములు ఆలస్యమైనది గనుక సొమ్ము చాలవఱకు దాటిపోయినదనియు, ఒక ఖాతాలో మాత్రము 11,400 నిలిచినదనియు ఠాణావారు చెప్పిరి. ఆ కుఱ్ఱవాడును మావారితోకూడ వచ్చి తనకు తెలిసినదంతయు వ్రాసి యిచ్చినాడు. వానికి ఖాతా తెఱపించిన యాయన పేరుకూడ కల్లపేరేయట.

ఫాల్గునము వచ్చినది. గుమాస్తా దుకాణమునకు పోవుచున్నాడు. ఫోను మాత్రము భార్యయొద్ద నుంచి పోవును. కమ్మలింకను విడిపింపలేదు. నిన్న సాయంకాలమామె నేనిచ్చిన రవికలు కుట్టి తెచ్చి, మడతలు సరిచేసి యిచ్చుచు, "వదినగారూ, అర్జీలో ఖాళీ వదిలారే, అక్కడ పేరేమైనా రాశారా వాళ్లు?" అని యడిగెను.

"ఇంకను లేదమ్మా" అంటిని.